మన యిండ్ల లెక్కలు, నాయకుల మాటలు

(అనంతగిరిలో పఠనమందిర సభ్యుల యెదుట చేసిన ఉపన్యాసము)



కాలువలను గూర్చి నాయకులు చెప్పు మాటలను మనము వెంటనే పరీక్షింపగలము. గట్టుమీద నిలిచి చూచినచో నీరు వచ్చినదో లేదో తెలియును. కాని మన కుటుంబములను గూర్చి వారు చెప్పు మాటలను మాత్రము తలయూచి వినుచున్నాము. ఎందరు బిడ్డలు పుట్టుచున్నారు, ఆడపిల్లలకు ఏ యీడున పెండ్లిండ్లగుచున్నవి, ఏ మతమువారి సంఖ్య పెరుగుచున్నది అను విషయములలో మన యిల్లు మనకు తెలియును గదా యను ధీమాయే దీనికి కారణము. ఒక యింటి సంగతి తెలిసినంతమాత్రమున కోటి యిండ్ల సంగతి తెలియదు. ఆ సందుననే అసత్యము దూరుచున్నది.

ఈ పరీక్ష అనంతగిరివారికి మిక్కిలి యవసరము, మిక్కిలి సులభమును. కోదాడ దాటి కొంతదూరము పోయినచో రాష్ట్రపు సరిహద్దు వచ్చును. రెండు ప్రభుత్వముల ఉపన్యాసములును మన చెవిని పడుచున్నవి. అటు బిడ్డల నిచ్చినవారమును, అటునుండి కోడండ్రను తెచ్చుకొన్నవారమును మనలో ననేకులు కలరు. ఒకచోటి మాటను రెండవచోటి లెక్కతో పోల్చిచూచు అలవాటు మనకు కావలయును.

ఈ పద్ధతి తెలంగాణమునకు క్రొత్తది కాదు. నిజాము రాష్ట్రమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాసినపుడు సురవరం ప్రతాపరెడ్డిగారు తిట్టుకు తిట్టు బదులీయలేదు. కవుల రచనలను సేకరించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కలరు. ఆ మాట అంతటితో వీగిపోయెను. నిరాధారమైన మాటకు కోపము బదులు కాదు, లెక్కయే బదులు.

మేము న్యాయవాదవృత్తిలో నున్నవారము. సాక్షి చెప్పినదెల్ల న్యాయస్థానము నమ్మదు. నీవు స్వయముగ చూచితివా, ఎప్పుడు చూచితివి, మరియొక కారణముచేత నట్లు జరిగియుండరాదా యని యడుగుదురు. కుటుంబవిషయములలో నాయకునికిని ఈ మూడు ప్రశ్నలే వేయవలయును. ఎవరు లెక్కించిరి? ఎన్నటి లెక్క? దేనితో పోల్చిరి? ఈ గీటురాతిపై మూడు మాటలను గీచిచూతము.

మొదటిది ఆడపిల్లల పెండ్లి యీడు. 2014 అక్టోబరు 2వ తేదీన తెలంగాణ ప్రభుత్వము కల్యాణలక్ష్మి పథకమును ప్రారంభించినది. వధువునకు పదునెనిమిదేండ్లు నిండవలయునని నియమము పెట్టిరి. తొలుత 51,000 రూపాయలుగా నున్న సహాయము 2018 నాటికి 1,00,116 రూపాయలైనది. ఈ పథకమువలన బాల్యవివాహములు అంతరించినవని వేదికలమీద పలుమారులు వింటిమి.

జాతీయ కుటుంబారోగ్య సర్వేను తెరచి చూతము. ఇరువదినుండి ఇరువదినాలుగేండ్ల వయసుగల స్త్రీలలో, పదునెనిమిదేండ్లు నిండకముందే పెండ్లియైనవారు 2015-16 నాటి సర్వేలో తెలంగాణమున నూటికి సుమారు 26 మంది, 2019 నాటి సర్వేలో 23.5 మంది. తగ్గిన మాట నిజము. అంతరించిన మాట నిజము కాదు; నలుగురిలో నొకతెకు ఇంచుమించుగ బాల్యముననే పెండ్లియైనది. ఇక సరిహద్దు దాటి చూడుడు. అదే కాలమున ఆంధ్రప్రదేశమున ఆ సంఖ్య సుమారు 33 నుండి 29.3కు దిగినది. ఇంత సహాయము ఇన్నేండ్లుగా ఈయని చోటను తగ్గుదల కలుగగా, ఇచ్చటి తగ్గుదల యంతయు పథకముయొక్క ఫలమేయని యెట్లు చెప్పగలము? మరియొక సంగతి. 2019లో ఇరువదినాలుగేండ్లున్న స్త్రీకి పథకము పుట్టుటకు పూర్వమే పదునెనిమిది నిండినవి. ఆమెను పథకమునకు సాక్షిగ నిలుపుట న్యాయము కాదు.

ఇట్లనుటచేత పథకము వ్యర్థమని మేము చెప్పుట లేదు. పేదతండ్రికి ఆ సొమ్ము ఎంతటి యాదరువో మనకు తెలియనిది కాదు. సహాయము అందెననుట యొకటి, దురాచారము పోయెననుట వేరొకటి. మొదటిదానిని చూపి రెండవదానిని నమ్మింపరాదు. 2023 ఎన్నికలలో కాంగ్రెసు పక్షము దీనికి తోడు తులము బంగారమునుగూడ వాగ్దానము చేసినది. వాగ్దానము జరిగిన సంగతి కాదు, జరుపుదునను మాట. దాని నిజానిజములు ఖజానా లెక్కలోనే తేలును.

రెండవది సంతానసంఖ్య. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టము ఇద్దరికంటె నెక్కువ బిడ్డలు గలవారిని స్థానికసంస్థల పోటీకి అనర్హులుగ చేసినది. 2018 నాటి తెలంగాణ చట్టమును దానినే నిలుపుకొన్నది. ప్రజాప్రతినిధి చిన్నకుటుంబమునకు మేలుబంతి కావలయుననియు, అందువలన జనసంఖ్య యదుపులోనికి వచ్చుననియు నాడు చెప్పిరి. హర్యానాలోని ఇట్టి చట్టమును 2003లో సుప్రీంకోర్టు సమర్థించినది. చట్టము చెల్లునా యనుట యొక ప్రశ్న. ఫలించెనా యనుట మరియొక ప్రశ్న. మొదటిదానికి న్యాయస్థానము బదులు చెప్పినది. రెండవదానికి లెక్కయే చెప్పవలయును.

ఆ చట్టమునకు ముందే, 1992-93లో, ఉమ్మడి ఆంధ్రప్రదేశమున స్త్రీకి సగటు సంతానము 2.6గా నున్నది. దేశపు సగటు అప్పటికి 3.4. తగ్గుదల చట్టముకంటె ముందే నడచుచుండెను. 2005-06 నాటికి అది 1.8కి దిగినది. తమిళనాడు, కేరళ, కర్ణాటకములలో నిట్టి చట్టమే లేదు. ఐనను 2019-21 సర్వేనాటికి అవియు 1.8, 1.8, 1.7గా మనతో సమానముగనే నున్నవి. కావున చట్టమువలన సంతానము తగ్గెనను మాట రుజువు కాలేదు. రుజువైనది వేరొకటి కలదు. నిర్మలా బుచ్ అను పూర్వపు ప్రభుత్వాధికారిణి ఆంధ్రప్రదేశముతో గూడ అయిదు రాష్ట్రములలో విచారించి, ఈ నిబంధన భయముచేత భార్యలను విడనాడుటయు, బిడ్డలను దత్తునకిచ్చివేయుటయు, ఆడ శిశువును గర్భముననే తొలగించుటయు జరిగినవని ప్రకటించిరి. పదవి యొకరిది, శిక్ష మరియొకరిది.

ఇప్పుడు గాలి తిరిగినది. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు, వృద్ధుల సంఖ్య పెరుగుచున్నదనియు, కుటుంబములు ఇద్దరికంటె నెక్కువమందిని కనవలయుననియు చెప్పిరి. ఇద్దరికి మించి సంతానమున్నవారే పోటీచేయునట్లు చట్టము చేయు ఆలోచనయు వెల్లడించిరి. నవంబరులో పాత నిబంధనను శాసనసభ తొలగించినది. 2025 అక్టోబరులో తెలంగాణ మంత్రివర్గమును దానిని తొలగింప నిశ్చయించినది. ఆ తొలగింపును మేము స్వాగతించుచున్నాము. ఇంటిలోని బిడ్డలను లెక్కపెట్టి ఓటరు కోరిన మనుష్యుని గుమ్మముకడ నిలుపుట ప్రజాస్వామ్యము కాదు. కాని అదే తర్కముచేత, మూడవ బిడ్డ లేనివానిని నిలుపుటయు తగదు.

నాయుడుగారి మాటలో నిజమెంత? సంతానము తగ్గినదనుట నిజము. 2019 సర్వేలో ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8. జనసంఖ్య నిలకడగ నుండుటకు 2.1 కావలయును. వృద్ధుల వంతు పెరుగుటయు నిజమే. ఐనచో పిలుపునిచ్చినంతనే బిడ్డలు పుట్టుదురా? దక్షిణ కొరియా ప్రభుత్వము ఏండ్లతరబడి విస్తారముగ ధనము వెచ్చించినను 2023లో అచ్చటి సగటు 0.72కు పడిపోయినది. మరియు మన రెండు రాష్ట్రములలో ఈ పిలుపు ఎవరికి? 2019 సర్వే ప్రకారము వివాహిత స్త్రీలలో నూటికి ఆంధ్రప్రదేశమున సుమారు 70 మంది, తెలంగాణమున సుమారు 62 మంది కుటుంబనియంత్రణ శస్త్రచికిత్స చేయించుకొన్నవారే. పురుషుల వంతు మిక్కిలి స్వల్పము. నిన్న ప్రభుత్వము కోరినందున కత్తికి ఒడ్డినది స్త్రీ శరీరమే. నేటి పిలుపు వారికి చెల్లదు. అత్తవారింట క్రొత్తగ అడుగిడిన కోడండ్రమీదనే పడును. ఆమె చదువు, ఆమె కూలి, ఆమె యారోగ్యము ఏమగునో చెప్పని లెక్క సగము లెక్కయే.

అదే మాసమున తమిళనాడు ముఖ్యమంత్రిగా నున్న స్టాలినుగారు ఒక సామూహిక వివాహవేదికమీద, లోకసభ స్థానములు తగ్గునను భయముండగా పదునారుగురి నేల కనరాదను ధోరణిలో ముచ్చటించిరి. స్థానముల తగ్గుదలను గూర్చిన భయము చర్చింపదగినదే. కాని బిడ్డలను కనుట దానికి మందా? 2025 జూన్‌లో వెలువడిన ప్రకటన ప్రకారము జనగణనకు ఆధారదినము 2027 మార్చి 1. ఆ పిమ్మట పుట్టిన శిశువు ఆ లెక్కకు చిక్కడు. స్థానముల వివాదము శాసనసభలలోను పార్లమెంటులోను తీర్చుకొనవలసినది, పురిటిగదిలో కాదు.

మూడవ మాట మిక్కిలి ప్రమాదకరమైనది. ముస్లిముల కుటుంబములు పెరిగి తక్కినవారిని మించిపోవునని ఎన్నికల వేదికలమీద చెప్పుచుందురు. 1992-93లో దేశమున సగటు సంతానము హిందువులలో 3.3, ముస్లిములలో 4.4. 2019-21 నాటికి అవి 1.94, 2.36. ముస్లిములలో కొంత హెచ్చుగ నున్నదనుట నిజము. కాని యిరువురిలోను తగ్గినది, ముస్లిములలోనే యెక్కువగ తగ్గినది. నడుమనున్న యంతరము 1.1 నుండి 0.42కు కుంచించినది. అదే సర్వేలో బీహారు సగటు 3.0, తెలంగాణపు సగటు 1.8. రాష్ట్రమునకును రాష్ట్రమునకును గల భేదము మతభేదముకంటె పెద్దది. బిడ్డల సంఖ్యను నిర్ణయించునది ప్రార్థనామందిరము కాదు. బాలికల బడి, దగ్గరలోని వైద్యశాల, ఇంటి యాదాయము.

అయ్యలారా, అమ్మలారా! మేము చూచిన మాటలలో ఒక పక్షమువారివే లేవు. తనకు నచ్చని నాయకుని మాటనే పరీక్షించువాడు పరీక్షకుడు కాడు, ప్రత్యర్థి. మన మెచ్చిన నాయకుని మాటనే ముందుగ పరీక్షింపవలయును.

ఈ పఠనమందిరమున ఒక పుస్తకమును ఉంచుడని మా మనవి. నాయకుడు కుటుంబవిషయమున చెప్పిన మాటను, చెప్పిన దినమును, చోటును అందు వ్రాయుడు. పక్కన లెక్క యెవరిదో, ఎన్నటిదో వ్రాయుడు. స్థానికమైన సంగతియైనచో 2005 నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము దరఖాస్తు పెట్టుడు. 30 దినములలో బదులీయవలసిన బాధ్యత కార్యాలయమునకు కలదు. చివర నిజము, అబద్ధము, రుజువు కాలేదు అను మూడింటిలో నొకటి వ్రాయుడు. రుజువు కానిదానిని అబద్ధమని తొందరపడి వ్రాయవలదు. ఆ పుస్తకమును వ్రాయువారిలో స్త్రీలుండవలయును. ఈ లెక్కలన్నియు మొదట వారి దేహములమీదనే వ్రాయబడుచున్నవి గదా.

రేపు ఓటు కోరి నాయకుడు వచ్చినపుడు దండ వేయుటకు ముందు ఆ పుస్తకమును ఆయన చేతికిండు. చదివి బదులు చెప్పిన నాయకుని గౌరవింతము. చదువకయే కారెక్కిన నాయకుని పేరునుగూడ అందే వ్రాయుదము.