మట్టిలో ఎవరుండాలో తేల్చేదెవరు?



నల్లరేగడిలో పత్తి, ఎర్రచెల్కలో వేరుశనగ పండుతాయి; చౌడులో గడ్డి కూడా సరిగా మొలవదు. నేలను బట్టి పంట మారుతుందని మన రైతుకు తరతరాలుగా తెలుసు. ఆ నేలలో కంటికి కనబడని జీవులు కూడా అలాగే మారతాయి. వాటిని మార్చేది ఏమిటో తేల్చడానికి శాస్త్రానికి దాదాపు 130 ఏళ్లు పట్టింది. ఆ కథే ఈ రోజు చెప్పుకుందాం.

1877లో ఫ్రాన్స్‌లో ష్లోజింగ్, ముంట్జ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇసుక, సున్నపురాయి నింపిన గొట్టం గుండా మురుగునీటిని మెల్లగా పారించారు. మొదట నీటిలో మార్పేమీ లేదు. సుమారు ఇరవై రోజులకు అందులోని అమ్మోనియా నైట్రేటుగా మారసాగింది. గొట్టంలోకి క్లోరోఫారం ఆవిరి పంపితే ఆ మార్పు ఆగిపోయింది. క్లోరోఫారం తొలగించి కాస్త తోటమట్టి కలిపిన నీళ్లు పోస్తే మళ్లీ మొదలైంది. మత్తుమందుకు ఆగేది, మట్టితో తిరిగి పుట్టేది ప్రాణమున్నదే కావాలి కదా!

ఆ ప్రాణిని పట్టుకున్నవాడు కీవ్‌లో పుట్టిన సెర్గీ వినోగ్రాడ్‌స్కీ. అప్పటి పద్ధతి ప్రకారం సూక్ష్మజీవులకు పోషకాలున్న జిలాటిన్ పెట్టి పెంచేవారు. నైట్రేటు తయారుచేసే ఈ జీవులు అందులో పెరగలేదు. ఆయన ఆ మేత మాన్పించి, అమ్మోనియా, లవణాలు మాత్రమే ఇచ్చి, 1890 ప్రాంతంలో జ్యూరిక్‌లో వాటిని వేరుచేశారు. డచ్చి శాస్త్రవేత్త బైయరింక్ ఇదే దారిలో నడిచారు. 1888లో చిక్కుడు జాతి మొక్కల వేరు బుడిపెల నుంచి, 1901లో నేల నుంచి, గాలిలోని నత్రజనిని పట్టే బాక్టీరియాలను బయటికి తీశారు. ఏ జీవి కావాలంటే దానికి తగిన పరిస్థితి కల్పించడమే ఆయన పద్ధతి. ఆయన దేశంవాడే అయిన బాస్ బెకింగ్ 1934లో దాన్ని సూత్రంగా చెప్పారు: సూక్ష్మజీవులు అన్నిచోట్లకూ చేరతాయి, వాటిలో ఏవి బతకాలో ఆ చోటే తేలుస్తుంది.

ఈ కథలో మన తెలుగువాడి పేరూ ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహిస్తున్న రోజులవి. అక్కడ బెంజమిన్ డగ్గర్ ఎన్నో ప్రాంతాల నుంచి మట్టి నమూనాలు తెప్పించి పరీక్షించేవారు. 1945లో మిస్సోరీ విశ్వవిద్యాలయపు సాన్‌బోర్న్ క్షేత్రంలోని ఒక గడ్డిమడి మట్టిలో బంగారు వన్నె సూక్ష్మజీవి దొరికింది. టెట్రాసైక్లిన్ మందులలో మొదటిదైన ఆరియోమైసిన్ దాని నుంచే వచ్చింది.

అయినా మట్టిలో మొత్తం ఎన్ని రకాలున్నాయో అప్పటికీ తెలియదు. సూక్ష్మదర్శినిలో కనిపించేవాటిలో నూటికి ఒకటి కూడా గాజు పళ్లెంలో పెరగదు. 1990లో నార్వేలో టోర్స్‌విక్ అనే శాస్త్రవేత్త బృందం పెంచడమే మానేసి, అడవి మట్టి నుంచి నేరుగా డీఎన్ఏ తీసింది. దాని పోగులను వేడితో విడదీసి, అవి మళ్లీ తమ జోడీని కలుసుకోవడానికి ఎంతసేపు పడుతుందో కొలిచింది. రకాలు పెరిగేకొద్దీ జోడీ దొరకడం ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యాన్ని బట్టి ఆ మట్టిలో సుమారు 4,000 రకాల బాక్టీరియా ఉన్నట్టు లెక్క తేలింది.

మరి ఎక్కడ ఎక్కువ, ఎక్కడ తక్కువ? వేడి, వాన, పచ్చదనం ఉన్నచోట మొక్కలూ జంతువులూ ఎక్కువ కాబట్టి బాక్టీరియా కూడా అంతే అనుకోవడం సహజం. 2006లో ఫియరర్, జాక్సన్ అనే శాస్త్రవేత్తలు ఉత్తర, దక్షిణ అమెరికాల నుంచి 98 మట్టి నమూనాలు తెచ్చి చూశారు. ఉష్ణోగ్రతతో పొంతన కుదరలేదు. కుదిరింది ఉదజని సూచికతో, అంటే నేల ఆమ్లమా, క్షారమా అన్నదానితో. తటస్థంగా ఉన్న నేలల్లో వైవిధ్యం ఎక్కువ. జీవరాశికి పుట్టిల్లనుకునే అమెజాన్ అడవిలో, పెరూ వైపు ఆమ్లపు మట్టిలో బాక్టీరియా రకాలు బాగా తక్కువ!

దీనికి మరో రుజువు కూడా ఉంది. ఇంగ్లండులోని రాథమ్‌స్టెడ్‌లో ఒక పొలానికి 19వ శతాబ్దంలో సున్నపుమట్టి వేశారు. ఒక చివర ఎక్కువ పడింది, రెండో చివర తక్కువ. దాంతో ఒకే పొలంలో సూచిక 4 నుంచి 8 దాకా మారుతుంది. వాన, ఎండ, పంట మాత్రం అంతటా ఒకటే. 2010లో ఆ మట్టిని పరిశీలిస్తే, ఆమ్లపు చివర నుంచి రెండో చివరకు వచ్చేసరికి బాక్టీరియా వైవిధ్యం దాదాపు రెట్టింపైంది. బూజులు మాత్రం పెద్దగా మారలేదు. బాక్టీరియాకు ఆమ్లం ఎందుకు పడదు? బాక్టీరియా తన కణం లోపలి భాగాన్ని తటస్థంగా ఉంచుకోవాలి. బయట ఆమ్లం పెరిగితే శక్తంతా దానికే ఖర్చవుతుంది. పైగా ఆమ్ల నేలలో అల్యూమినియం కరిగి విషమవుతుంది.

శ్రోతలారా, వినోగ్రాడ్‌స్కీ పట్టుకున్న ఆ జీవులే అమ్మోనియాను నైట్రేటుగా మార్చేటప్పుడు నేలలోకి ఆమ్లాన్ని వదులుతాయి. అందుకే ఏళ్ల తరబడి యూరియా, అమ్మోనియం ఎరువులు గుమ్మరిస్తే నేల పులుస్తుంది. సున్నం గుళికలున్న మన రేగడి నేలలు దీన్ని చాలాకాలం తట్టుకుంటాయి. తేలికపాటి ఎర్రనేలలు అంతగా తట్టుకోలేవు.

సూక్ష్మజీవుల పొట్లాలూ సీసాలూ కొని చల్లే రైతులు ఈ చరిత్రను గుర్తుంచుకోవాలి. తెచ్చి వేసిన జీవి నిలవాలంటే ముందు నేల దానికి అనుకూలపడాలి. ఆమ్లానికి సున్నం, క్షారపు చౌడుకు జిప్సం, రెండింటికీ పశువుల ఎరువు, జీలుగ, జనుము లాంటి పచ్చిరొట్ట అవసరం. భూసార పరీక్ష పత్రం చేతికి రాగానే నత్రజని, భాస్వరం, పొటాష్‌ల కన్నా ముందు ఉదజని సూచిక ఎంతుందో చూడండి. ఆ అంకెను సరిచేస్తే వేలాది రకాల జీవులను మీరే పిలిచి మీ పొలంలో నిలబెట్టుకున్నట్టు.