పెరటి పిగిలిపిట్ట

(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షన్, కరువు భత్యం బకాయిల గురించి పెద్దలు వివరంగా మాట్లాడారు. నాకిచ్చిన అయిదు నిమిషాల్లో ఒక పిట్ట గురించి చెబుతాను. చివర్లో కార్యవర్గానికి ఒక విన్నపం కూడా ఉంది.

మన ఇళ్ళ చుట్టూ తిరిగే పిగిలిపిట్టను మీరంతా చూసే ఉంటారు. బుల్‌బుల్ అన్నా ఇదే. పారశీక కవులు పాడిన బుల్‌బుల్ మాత్రం వేరు, అది నైటింగేల్. మన పిట్ట పిచ్చుకకంటె పెద్దది, గోరువంకకంటె కాస్త చిన్నది. నల్లని తల మీద పొట్టి జుట్టు, గోధుమరంగు ఒంటి మీద పొలుసుల్లాంటి గీతలు, తోక చివర తెలుపు. తోక మొదట్లో, అడుగున, కుంకుమ అద్దినట్టు ఎర్రని మచ్చ. ఆడా మగా ఒకేలా ఉంటాయి.

1766లో లిన్నేయస్ ఈ పిట్టకు శాస్త్రీయ నామం పెడుతూ, ఇది దక్షిణాఫ్రికా పిట్ట అని పొరబడి ‘కేఫర్’ అని రాశాడు. సర్వీసు రిజిస్టరులో పడ్డ తప్పులాగ అది నేటికీ దిద్దుబాటు కాలేదు!

దొండపండు, జామపండు, వేపపండు, పురుగులు, పూల తేనె దీని ఆహారం. చాలా పక్షులు ‘సి’ విటమిన్‌ను ఒంట్లోనే తయారు చేసుకుంటాయి. ఇది మనలాగే చేసుకోలేదట. డాక్టరు మనకు చెప్పే పండ్ల సలహాను ఇది చెప్పకుండానే పాటిస్తున్నది.

ఇక అసలు సంగతి. నేను పదవీ విరమణ చేసిన ఏడాది మార్చిలో మా గోరింట పొదలో ఒక జంట గూడు కట్టింది. సన్నని పుల్లలు, వేళ్ళు చేర్చి కట్టిన చిన్న గిన్నెలాంటి గూడు. అందులో మూడు గుడ్లు, లేత గులాబిరంగు మీద ఎర్రని చుక్కలు. వరండాలో కూర్చుంటే సరిగా కనబడటం లేదని అడ్డుగా ఉన్న నాలుగు కొమ్మలు కత్తిరించాను. రెండు రోజులు చక్కగా కనబడింది. నాకే కాదు, కాకికి కూడా. మూడోనాటి ఉదయం గూట్లో ఒక్క గుడ్డు లేదు. ఆ జంట మధ్యాహ్నం దాకా పొద చుట్టూ అరుస్తూనే ఉంది.

మా ఆవిడ ఒక్క మాటే అంది: “ముప్పై నాలుగేళ్ళు ట్రెజరీ తలుపులు కాపాడారు. ఆ పిట్ట ఇంటి తలుపు మీరే ఊడబీకారు కదండీ!” ఆ పూట నాకు అన్నం సయించలేదు.

కొన్నాళ్ళకు మల్లెపందిరిలో మళ్ళీ గూడు కట్టాయి. ఈసారి నేను ఆ దరికే పోలేదు, కత్తెర అటకెక్కించాను. పొదగటం సుమారు రెండు వారాలు, పిల్లలకు రెక్కలు రావటం మరో రెండు వారాలు. తల్లీ తండ్రీ ఇద్దరూ పురుగులు తెచ్చి పెట్టారు. పిల్లి కనబడితే చాలు, వీధంతా వినబడేలా అరిచేవారు. ఒక ఉదయం రెండు పిల్లలు పందిరి మీదికి వచ్చి కూర్చున్నాయి. వాటి తోక కింద ఎరుపు ఇంకా పాలిపోయే ఉంది. మా ఆవిడను కేకేసి పిలిచాను.

ఇప్పుడు నా విన్నపం. ఏటా ఉగాదికి ముందు మన సంఘ భవనం చుట్టూ ఉన్న కంచెను నున్నగా కత్తిరిస్తున్నాం. సరిగ్గా అవి గూళ్ళు కట్టే రోజులు. కత్తెర వేసేముందు ఒక పూట దూరంగా కూర్చుని గమనిద్దాం. పిట్టలు పుల్లతోనో పురుగుతోనో పొదలోకి దూరుతుంటే ఒక్క నెల ఆగుదాం. బకాయిల కోసం ఏళ్ళ తరబడి ఎదురు చూసినవాళ్ళం, పిట్ట కోసం నెల్లాళ్ళు ఆగలేమా?

కాపలా పని మీద నాకు వదలండి. జీతం అక్కర్లేదు. సెలవు.