కొత్త బండి – పాత చేతులు
(విశ్రాంత ఉద్యోగుల సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, మెడికల్ బిల్లుల గురించి కార్యదర్శిగారు చెప్పవలసినదంతా చెప్పారు. నన్ను మాత్రం "మీరు చిన్న ట్రాక్టర్ కొన్నారట, దాని ముచ్చట చెప్పండి" అన్నారు. మనలో చాలామందికి ఊళ్లో ఎంతో కొంత భూమి ఉన్నది. రిటైరయ్యాక అటువైపు మనసు పోవడం సహజం. కనుక ఇది నా సొంత గొడవ మాత్రమే కాదనుకొని మాట్లాడుతున్నాను.

నేను నీటిపారుదల శాఖలో 33 ఏళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం కాకతీయ కాలువ గట్ల మీదే గడిచింది. ఇప్పుడు జగిత్యాల దగ్గర నాలుగెకరాల మామిడితోట చూసుకుంటున్నాను. 2016లో కరీంనగర్ నుంచి విడిపోయి జగిత్యాల వేరే జిల్లా అయినా, మన సంఘాల పిలుపులకు మాత్రం ఇంకా పాత జిల్లా లెక్కే. చల్‌గల్ మార్కెట్ నుంచి మన మామిడి ఢిల్లీ దాకా పోతుందని అందరికీ తెలుసు. చెట్ల నడుమ గడ్డి సంగతి మాత్రం తోట ఉన్నవాడికే తెలుసు. నాలుగు వానలు పడితే మోకాలెత్తు లేస్తుంది. అందులో పాములుంటాయి. ఎండాకాలం వస్తే నిప్పు భయం. ఊళ్లో ఎడ్లు లేవు. కూలీలు దొరికిన రోజు దొరుకుతారు. కిరాయి ట్రాక్టర్ పెద్దది, తోటలోకి వస్తే కొమ్మలు విరుస్తుంది. అందుకని 18 హార్స్‌పవర్ చిన్న ట్రాక్టర్, గడ్డి కోయడానికి స్లాషర్, దున్నడానికి రోటావేటర్ తీసుకున్నాను.

డబ్బు ఎక్కడిదంటే కమ్యుటేషన్‌దే. మా ఇంటావిడ ఒకటే మాట అన్నది: "15 ఏండ్లు పెన్షన్ల కోత పెట్టుకొని తెచ్చిన పైసలు ఇనుముల పెడుతున్నరు. ఇనుమన్నా మంచిగుండాలె, మీరన్నా మంచిగుండాలె. రెంట్ల ఏది పాడైనా నేనూకోను." నేను చెప్పబోయేదంతా ఆ రెండూ మంచిగుండడం గురించే.

మన దేశంలో ట్రాక్టర్ తయారీ 1959లో ఫరీదాబాద్‌లో ఐషర్‌తో మొదలైంది. 1974లో పంజాబ్ నుంచి స్వరాజ్ వచ్చింది. అవన్నీ పెద్ద పొలాన్ని దృష్టిలో పెట్టుకొని చేసినవి. చెట్ల సాళ్ల మధ్య తిరిగే చిన్న బండ్లు మన ఊళ్లకు చాలా ఆలస్యంగా వచ్చాయి. అయితే చిన్నది గదా అని తేలికగా తీసుకోరాదు. స్కూటర్ నడిపినవాడికి, జీపు నడిపినవాడికి కూడా ఇది కొత్తే.

మొదటి వారం నేను ఏ పనీ చేయలేదు. ఖాళీ చెలకలో బండి ఆపడం నేర్చుకున్నాను. నడపడం కన్నా ఆపడం ముందు రావాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలు కొంచెం వంగి ఉండేటట్టు సీటు ముందుకు జరిపించాను. కాలు పూర్తిగా చాస్తేగాని పెడల్ అందకపోతే, అరవై దాటిన మోకాలు గంటలోనే మొరాయిస్తుంది. బ్రేకులు కుడికొకటి, ఎడమకొకటి ఉంటాయి. తోటలో విడివిడిగా తొక్కితే చెట్టు దగ్గర కురచగా తిరుగుతుంది. రోడ్డెక్కే ముందు రెండింటినీ కొండీతో కలపాలి. లేకపోతే వేగంలో ఒకవైపే బ్రేకు పడి బండి పల్టీ కొడుతుంది.

క్లచ్ పెడల్‌కు సుమారు ఒక అంగుళం వదులు ఉండాలి. తక్కువైతే క్లచ్ జారి కాలిపోతుంది. ఎక్కువైతే గేరు గరగరమంటుంది. మీ బండికి ఎంత వదులుండాలో దాని పుస్తకంలో రాసి ఉంటుంది. సర్వీసు రూల్స్ చదివినంత శ్రద్ధగా ఆ పుస్తకం చదవండి. లెక్క కిలోమీటర్లలో కాదు, గంటల్లో. మొదటి 50 గంటలు కొత్త కోడలిని చూసుకున్నట్టు చూసుకోవాలి. మోయలేని బరువు పెట్టరాదు. 50 గంటలు కాగానే ఇంజన్ ఆయిల్ మార్పించాలి. నట్లు, బోల్టులు పానా పెట్టి మళ్లీ బిగించాలి.

ఇక అసలు తంటా. స్లాషర్ కట్టి గడ్డి కోస్తే ఎడమ పక్క నున్నగా, కుడి పక్క నాలుగంగుళాల ఎత్తున మిగిలింది. ఒక మెకానిక్ వచ్చి కుడి లిఫ్టు రాడ్డు స్క్రూ తిప్పాడు. మరునాడు వేరే సాలులో అదే వంకర. భైంసా దగ్గర పత్తి చేను చేసే మా వియ్యంకుడు చూడవచ్చాడు. అక్కడి నల్లరేగడిలో చిన్న ట్రాక్టర్‌తో ఆయనకు ఎన్నో ఏళ్ల అనుభవం.

"బావా, స్క్రూలు తర్వాత. ముందు గాలి చూసినవా?" అన్నాడు.

చూస్తే వెనక ఎడమ టైరులో గాలి తక్కువ. బండి అటువైపు ఒరుగుతున్నది, దానితోపాటు స్లాషరూ ఒరుగుతున్నది. రెండు టైర్లలో గాలి సమం చేసి, చదును నేల మీద బండి నిలబెట్టి, స్క్రూ పాత చోటికి తెచ్చి, అప్పుడు కొలిచాము. వంకర పోయింది. అందుకే ఈ వరుస గుర్తుంచుకోండి: మొదట గాలి, తర్వాత అటూ ఇటూ సమం, ఆ తర్వాత ముందూ వెనకా, చివరన ఎత్తు. స్లాషర్ ముందు భాగం వెనకకన్నా అర అంగుళం కిందికి ఉండాలి. అప్పుడే కోసిన గడ్డిని మళ్లీ కోయకుండా వదులుతుంది, ఇంజన్‌కు భారం తగ్గుతుంది. ముందూ వెనకా సరిచేసేది పైనున్న టాప్ లింకు. మూడు చేతుల ఈ కొక్కెం ఐర్లాండ్‌కు చెందిన హ్యారీ ఫెర్గూసన్ రూపొందించినది. వెనకటి బండ్లకు నాగలి రాయికి తగిలితే ముందు చక్రాలు లేచి డ్రైవర్ మీద పడేవి. అది చూసి ఆలోచించిన పద్ధతి ఇది.

రోటావేటర్ ఆస్ట్రేలియా రైతుబిడ్డ క్లిఫర్డ్ హోవార్డ్ ఆలోచన. ఇంగ్లీషు అక్షరాల్లో ఆ మాట వెనక నుంచి చదివినా అదే మాట. ఇంజన్ వేగం ఎక్కువ, చక్రం వేగం తక్కువ ఉంటేనే మట్టి మెత్తనవుతుంది. మామిడితోటలో మాత్రం రెండు మూడు అంగుళాలకు మించి దిగనీయకండి. చెట్టుకు ఆహారం తెచ్చే సన్నవేర్లు పైపైనే ఉంటాయి. కొమ్మల నీడ కింద అసలే వద్దు. వానకాలమంతా గడ్డి కోసి అక్కడే పరిస్తే నేల తడి నిలుస్తుంది. దున్నడం ఏడాదికొకసారి చాలు.

ఇంకొక మాట. రాయి తగిలితే గేర్‌బాక్సు పగలకుండా తాను తెగిపోయే బోల్టు ఒకటి ఉంటుంది. మాటిమాటికి తెగుతున్నదని కొందరు గట్టి బోల్టు వేయిస్తారు. అప్పుడు పది రూపాయల వస్తువు బతికి, వేల రూపాయల గేర్‌బాక్సు పోతుంది. తెగడమే దాని ఉద్యోగం. పెట్టెలో నాలుగు ఉంచుకోండి.

చివరిగా, అన్నిటికన్నా ముఖ్యమైనది. వెనక తిరిగే షాఫ్టు నిమిషానికి 540 సార్లు, అంటే సెకనుకు 9 సార్లు తిరుగుతుంది. కండువా కొస, ధోతి అంచు, చీరె కొంగు ఏది అందినా మనిషిని లాగేస్తుంది. చెయ్యి వెనక్కి తీసేంత వ్యవధి ఉండదు. షాఫ్టు మీది తొడుగు తీయకండి. కిందికి దిగే ముందు పనిముట్టును నేల మీదికి దించండి, ఇంజన్ ఆపండి, తాళంచెవి తీయండి. స్లాషర్ రాళ్లను విసురుతుంది కనుక చుట్టూ ఎవరినీ ఉండనీయకండి. ఒడ్డు దాటేటప్పుడు ఏటవాలుగా కాదు, నిటారుగా దాటండి. మనుమలు "తాతా, మడ్‌గార్డు మీద కూసుంట" అని ఏడ్చినా ఎక్కించుకోకండి. ఏడుపు గంటలో మరచిపోతారు.

మా ఇంట్లో ఒక ఏర్పాటు జరిగింది. తాళంచెవి మా ఇంటావిడ దగ్గర ఉంటుంది. కండువా కొయ్యకు తగిలించి, ప్యాంటు వేసుకొని వస్తేనే ఇస్తుంది. పొద్దున రెండు గంటలే పని. ఆ తర్వాత తాళంచెవి మళ్లీ ఆమె చేతికి. ఆఫీసులో ఇంత కచ్చితమైన పై అధికారిని నేను చూడలేదు. బండికి 400 గంటలు దాటాయి. దేవుని దయవల్ల బండీ బాగుంది, నేనూ బాగున్నాను.

కొనమని గాని వద్దని గాని నేను ఎవరికీ చెప్పను. రెండెకరాలకు కిరాయే మేలు. కొన్నవారు మాత్రం, మన చేతులు ముసలివని భయపడనవసరం లేదు. 33 ఏళ్లు ఫైళ్లను ఓపికగా చూసిన చేతులు ఇవి. యంత్రానికి కావలసింది కూడా బలం కన్నా ఓపికే.