వాము నీళ్లతో మొదలుపెడదాం

బట్టీ అనగానే మనకు సారానే గుర్తొస్తుంది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు దాని మీదే తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. అందుకే ముందే చెప్తున్నా: మనం కాచేది వాము నీళ్లు. సారా చుక్క కూడా కలపం.

100 గ్రాముల వాము కచ్చాపచ్చాగా దంచి, 2 లీటర్ల నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. పెద్ద గిన్నెలో పోసి, మధ్యలో నీళ్లకు పైన ఉండేలా స్టాండు మీద చిన్న స్టీలు గిన్నె పెట్టండి. మూత తిరగేసి పెట్టి, దాని మీద చల్లనీళ్లు పోయండి. సన్నమంట చాలు. ఆవిరి మూతకు తగిలి, చుక్కలుగా చిన్నగిన్నెలో పడుతుంది. పైనీళ్లు వేడెక్కితే మార్చండి. అడుగంటకముందే దించేయండి.

మందని చెప్పి అమ్మాలంటే లైసెన్సు కావాలి. ముందు మన చేయి తిరగనివ్వండి. ఆ అక్కలు తెచ్చిన పేరు మనం పోగొట్టొద్దు.