దారి రాసిపెట్టిన మనిషి
(గుణదల చదువుల కేంద్రంలో అక్కచెల్లెళ్ళకు చెప్పిన మాటలు)



గుణదలలో ఉన్న మీకు యాత్ర అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. ఏటా ఫిబ్రవరి 9, 10, 11 తేదీల్లో మేరీమాత తిరనాళ్ళకు ఎక్కడెక్కడి జనమో వస్తారు. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు మూట కట్టుకుని వచ్చేవాళ్ళను మీరు చూస్తూనే ఉంటారు. నీడ ఉన్నచోట పొయ్యి పెడతారు. అక్కడే వండుకుంటారు. అక్కడే పడుకుంటారు. ఆ రెండు మూడు రోజులూ అదే వాళ్ళ ఇల్లు.

మూడు రోజులంటే సరే. అదే పదిహేను నెలలైతే? తెలియని అడవులూ, తెలియని నదులూ, తెలియని భాషా అయితే? అలా వెళ్ళి వచ్చిన మనిషి సంగతి ఈ రోజు చెబుతాను. ఇది కట్టుకథ కాదు. జరిగిన సంగతి.

ఆయన పేరు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసులో ఉండేవారు. ఇంగ్లీషు దొరల కాలం అది. అక్కడి సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేశారు. దుబాసీ అంటే ఒకరి మాట ఇంకొకరికి వాళ్ళ భాషలో చెప్పేవాడు. ఆయన 1830 మే 18న మద్రాసు నుంచి కాశీకి బయలుదేరారు. 1831 సెప్టెంబరు 3న తిరిగి ఇల్లు చేరారు.

ఎలా వెళ్ళారు? రైలా? మన దేశంలో జనం ఎక్కే రైలు మొదట నడిచింది 1853లో. బస్సులు, కార్లు ఇంకా పుట్టనే లేదు. పల్లకీలున్నాయి. పల్లకీ మోసే బోయీలున్నారు. డేరాలున్నాయి. వంట సామానుంది. ఇంటివాళ్ళు, వంటవాళ్ళు, మూటలు మోసేవాళ్ళు, కాపలావాళ్ళు, అంతా కలిసి సుమారు వంద మంది. పొద్దున నడక. ఎండెక్కితే మజిలీ. మజిలీ అంటే దారిలో ఆగేచోటు. ఆగినచోట డేరా వేయాలి, పొయ్యి రాజెయ్యాలి. తెల్లారితే అన్నీ విప్పి మళ్ళీ కట్టాలి. అంటే ఇంటిని భుజాన వేసుకుని నడిచారన్న మాట.

ఏ దారిన వెళ్ళారు? తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం చూసుకున్నారు. కృష్ణ దాటి హైదరాబాదు చేరారు. అక్కడి నుంచి ఉత్తరానికి తిరిగారు. నిర్మల్ మీదుగా నాగపూరు, ఆపైన జబల్‌పూరు. అక్కడ నర్మదా నది. ఆపైన ప్రయాగ, కాశీ. నిర్మల్ దాటాక దారి పొడుగునా అడవులు, కొండలు, వాగులు. ఆయన బయలుదేరింది మే నెలలో. కాబట్టి వానాకాలం దారిలోనే ఎదురైంది. నల్లరేగడి నేలలో వాన పడితే కాలు తీసి కాలు వెయ్యడం ఎంత కష్టమో మన డెల్టా రైతులకు తెలుసు. వంద మంది మూటలతో ఎలా నడిచారో మీరే ఊహించుకోండి. తిరుగుదారిలో గయ, కలకత్తా, పూరీ చూసి, సముద్రం పక్కన ఉన్న జిల్లాల మీదుగా మద్రాసు చేరారు.

అయితే కాశీకి వెళ్ళింది ఆయన ఒక్కరేనా? అంతకు ముందూ ఎంతో మంది వెళ్ళారు. కొందరు తిరిగి వచ్చారు, కొందరు రాలేదు. వాళ్ళ పేర్లు మనకు తెలియవు. ఈయన పేరు మాత్రం ఎందుకు తెలుసు?

ఎందుకంటే ఆయన రాశారు.

ఈ ఊరికీ ఆ ఊరికీ ఎంత దూరం? అప్పటి లెక్క ఆమడలు, ఆ లెక్కన రాశారు. దారి మంచిదా, రాళ్ళ దారా? వాగు ఉందా? ఊళ్ళో నీళ్ళు దొరుకుతాయా? అంగళ్ళున్నాయా? దిగడానికి సత్రం ఉందా? అక్కడి జనం ఎలా ఉన్నారు? ఇవన్నీ రాసి మద్రాసులో ఉన్న స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారికి తెలియజేశారు. వీరాస్వామయ్య గారు 1836లో పోయారు. 1838లో ఆ రాతలు పుస్తకంగా అచ్చయ్యాయి. దాని పేరు 'కాశీయాత్ర చరిత్ర'. నూరేళ్ళు గడిచాక, 1941లో, మన బెజవాడ ప్లీడరు దిగవల్లి వెంకటశివరావు గారు దాన్ని సరిచూసి మళ్ళీ అచ్చు వేయించారు. ఇప్పటికీ జనం చదువుతున్నారు.

ఇక్కడ ఒక్క మాట ఆలోచించండి. ఆ గుంపులో బోయీలున్నారు. బరువంతా వాళ్ళ భుజాల మీదే ఉంది. ఇంటి ఆడవాళ్ళున్నారు. తడిసిన కట్టెలు ఎలా మండాయో, ఒళ్ళు బాగాలేనప్పుడు ఏం చేశారో, రాత్రి అడవిలో ఏమని భయపడ్డారో వాళ్ళకు తెలుసు. కానీ వాళ్ళు రాసిపెట్టిన మాట ఒక్కటీ మనకు అందలేదు. ఆ దారిని మనం వీరాస్వామయ్య గారి కళ్ళతోనే చూస్తున్నాం. ఆయన కళ్ళు మంచివే. కానీ అవి ఒక్కరి కళ్ళు.

ఇది మన దేశం సంగతే కాదు. భూమికి ఆ పక్కన, బాగా ఉత్తరాన, అలాస్కా అనే చలి దేశం ఉంది. అది అమెరికాలో ఒక రాష్ట్రం. కెనడా అడవుల గుండా అక్కడికి 1942లో యుద్ధం కోసం రోడ్డు వేశారు. ఇప్పుడు దాని పొడవు సుమారు 2,200 కిలోమీటర్లు. మంచు, బురద, దోమలు. సైనికులు ఎనిమిది నెలల్లో దారి తీశారు. వాళ్ళలో మూడో వంతు మంది నల్లజాతివాళ్ళు. చాలా ఏళ్ళ పాటు వాళ్ళ కష్టాన్ని ఎవరూ పెద్దగా రాయలేదు, తలచలేదు.

ఇప్పుడు ఆ దారిన జనం సరదాకి వెళ్తారు. ఇల్లులాంటి బండ్లుంటాయి. బండిలోనే మంచం, పొయ్యి, నీళ్ళ తొట్టి. ఎంత బండి ఉన్నా అడవి అడవే. ఒక పెట్రోలు బంకు దాటితే రెండోది ఎక్కడో దూరాన ఉంటుంది. అందుకని 1949 నుంచి ఒక పుస్తకం వేస్తున్నారు. దాని పేరు 'మైల్‌పోస్ట్'. ఏ మైలు దగ్గర పెట్రోలు, ఏ మైలు దగ్గర బస, అన్నీ అందులో వరసగా ఉంటాయి. చూశారా! వీరాస్వామయ్య గారు 1830లో చేసిన పనీ అదే. ముందు వెళ్ళినవాళ్ళు రాస్తే, వెనక వచ్చేవాళ్ళకు అది దీపం.

ఇక మన సంగతికి వద్దాం.

మనవాళ్ళు ఇప్పుడు బస్సు మాట్లాడుకుని కాశీ వెళ్తున్నారు. బియ్యం, పప్పు, పచ్చళ్ళు, గ్యాసు పొయ్యి, వంటమనిషి, అన్నీ బస్సులోనే. 2023లో ఏప్రిల్ 22 నుంచి మే 3 వరకు గంగా పుష్కరాలు జరిగితే తెలుగువాళ్ళు ఎంతమంది వెళ్ళారో మీకు గుర్తుండే ఉంటుంది. హైదరాబాదు నుంచి నిర్మల్, నాగపూరు మీదుగా జబల్‌పూరు వైపు పోయే పెద్ద రోడ్డు, కాస్త అటూ ఇటూగా, వీరాస్వామయ్య గారు నడిచిన దారే. నాగపూరు దాటాక పెంచ్ అనే పులుల అడవి వస్తుంది. అక్కడ రోడ్డును పైకెత్తి కట్టారు. బస్సులు పైన పోతాయి. జంతువులు కింద నుంచి దాటుతాయి.

ఇన్నాళ్ళూ మనం యాత్రలకు వెళ్ళలేదా? వెళ్ళాం. ఎలా వెళ్ళాం? మూటలతో పాటు మూటల్లాగా వెళ్ళాం. ఎక్కమంటే ఎక్కాం. దిగమంటే దిగాం. బస్సు నంబరు అబ్బాయికి తెలుసు. దిగే సత్రం పేరు గుంపు పెద్దకు తెలుసు. మనకు తెలిసింది ముందు నడిచే మనిషి చీర రంగు ఒక్కటే. జనంలో ఆ చీర కనపడకపోతే? భాష రాని ఊళ్ళో, ఏమని అడగాలి? ఎవరిని అడగాలి?

ఇప్పుడు మీకు చదవడం, రాయడం వచ్చింది. కాబట్టి ఈ పనులు చెయ్యండి.

ఒకటి. చిన్న నోటు పుస్తకం, పెన్సిలు కొనుక్కోండి. మొదటి పేజీలో మీ పేరు, ఊరు, ఇంట్లోవాళ్ళ ఫోను నంబరు రాయండి. సెల్‌ఫోను ఉన్నా రాయండి. ఛార్జింగు అయిపోతే కాగితమే దిక్కు.

రెండు. బస్సు ఎక్కే ముందు దాని నంబరు రాసుకోండి. డ్రైవరు ఫోను నంబరు అడిగి రాసుకోండి. ఆగిన ప్రతి చోటా సత్రం పేరు రాసుకోండి.

మూడు. ఉత్తరాదిలో బోర్డులు హిందీలో ఉంటాయి. మనకు రాదని భయపడొద్దు. బస్సుల నంబర్లలో మనం నేర్చుకున్న అంకెలే ఉంటాయి. రోడ్డు పక్క రాళ్ళు చూడండి. పైన పసుపు రంగుంటే అది జాతీయ రహదారి. ఆకుపచ్చ రంగుంటే రాష్ట్ర రహదారి.

నాలుగు. ఈ నంబర్లు రాసుకోండి. ఏ ఆపదకైనా 112. జాతీయ రహదారి మీద బండి ఆగిపోతే 1033. రైల్లో అయితే 139.

ఐదు. నడిచే బండిలో పొయ్యి వెలిగించనివ్వద్దు. రైల్లోకి గ్యాసు సిలిండరు అసలు తేకూడదు. 2023 ఆగస్టులో మదురై స్టేషను దగ్గర ఆగి ఉన్న యాత్రికుల రైలు పెట్టెలో, దొంగచాటుగా తెచ్చిన సిలిండరు వల్ల నిప్పంటుకుని 9 మంది పోయారు. బస్సైనా సరే, ఆపించండి. పొయ్యి కిందికి, దూరంగా దింపించండి. "నీకేం తెలుసమ్మా" అంటే ఈ సంగతి చెప్పండి.

ఆరు. రాత్రి పడుకునే ముందు నాలుగు వాక్యాలు రాయండి. ఎక్కడ నీళ్ళు బాగున్నాయి? ఆడవాళ్ళకు మరుగుదొడ్డి ఎక్కడ ఉంది? ఎక్కడ ఎక్కువ డబ్బు అడిగారు? ఎవరు మంచిగా చూశారు? ఈ సంగతులు వీరాస్వామయ్య గారికంటే మీకే బాగా కనపడతాయి. అక్షరం తప్పు పోయినా పరవాలేదు. తప్పుల్లేకుండా రాద్దామని కూర్చుంటే ఎప్పటికీ రాయలేం.

తిరిగి వచ్చాక ఆ పుస్తకాన్ని అటకెక్కించకండి. వచ్చే ఏడు వెళ్ళే పక్కింటి అక్కకు ఇవ్వండి. ఆమె చదువుకుంటుంది. తన నాలుగు వాక్యాలు కలుపుతుంది. కాశీ దాకా వెళ్ళకపోయినా ఫరవాలేదు. బందరు వెళ్ళినా, పెద్దాసుపత్రికి వెళ్ళినా దారి దారే. అదీ రాయవచ్చు.

ఇక పుస్తకాలు తియ్యండి. ఇక్కడి నుంచి విజయవాడ బస్‌స్టాండుకు ఎలా వెళ్ళాలో, తెలియని మనిషికి చెప్పినట్టు, నాలుగు వాక్యాల్లో రాయండి. రాశాక పక్కవాళ్ళకు ఇచ్చి చదివించండి.