సరుకు బాగాలేదని చెప్పే హక్కు

(పశ్చిమ ప్రకాశం పొదుపు సంఘాల మహిళలతో మార్కాపురంలో జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈరోజు మనం చర్చకు పెట్టుకున్న ప్రశ్న చూడడానికి చిన్నది. విత్తనాలు, పురుగుమందులు, మంచినీళ్ల క్యాన్లు, కుట్టుమిషన్లు, చివరికి అప్పులు - వీటిని మనకు సరఫరా చేసేవాళ్ల గురించి సంఘం సమావేశంలో చెడ్డగా మాట్లాడనివ్వాలా, వద్దా? మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం వైపు సంఘాలతో మాట్లాడినప్పుడు ఎక్కడా రాసిపెట్టని ఒక నియమం నాకు చాలాచోట్ల కనబడింది. పొదుపు లెక్కలు మాట్లాడుకోవచ్చు. కిస్తీ ఎవరు కట్టలేదో మాట్లాడుకోవచ్చు. దుకాణం పేరు మాత్రం ఎత్తకూడదు. ఎవరైనా ఎత్తితే, "మనకెందుకమ్మా ఆ గొడవ" అని పక్కనున్నవాళ్లే ఆపుతారు.

మాట్లాడనివ్వాలనే నా అభిప్రాయం. అయితే ఆ మాటకు కొన్ని కట్టుబాట్లు ఉండాలి. ఈ రెండూ ఎందుకంటున్నానో వివరిస్తాను.

గిద్దలూరు దగ్గర ఒక ఊళ్లో ముగ్గురు ఆడవాళ్లు ఒకే కొట్లో మిరప విత్తనాలు కొని నారు పోశారు. ముగ్గురికీ మొలక సరిగా రాలేదు. ముగ్గురూ ఒకే సంఘంలో సభ్యులు, నెలనెలా ఒకే చాప మీద కూర్చుంటారు. అయినా ఒకరి సంగతి ఒకరికి తెలియలేదు. నీళ్లు ఎక్కువ పెట్టానేమోనని ఒకామె అనుకుంది. మడి సరిగా చేయలేదని ఇంకొకామెను ఇంట్లోవాళ్లే తిట్టారు. తన చేతి వాలు మంచిది కాదని మూడో ఆమె నమ్మింది. అసలు విషయం బయటపడేసరికి అదును దాటిపోయింది. మౌనం వల్ల జరిగే నష్టం ఇదే. సరుకులో ఉన్న లోపం కొన్న మనిషిలో లోపంగా మారిపోతుంది. ఏ తప్పు జరిగినా తననే నిందించుకోమని చిన్నప్పటి నుంచీ నేర్పిన పితృస్వామ్య సమాజంలో ఆడవాళ్ల విషయంలో ఇది మరింత సులువుగా జరుగుతుంది.

అలాగని మౌనంగా ఉన్నవాళ్లను పిరికివాళ్లని తీసిపారేయలేం. చాలా ఊళ్లలో విత్తనం అమ్మేవాడు, మందులు అరువిచ్చేవాడు, పంట కొనేవాడు ఒక్కడే. "ఆయన పేరు చెడగొడితే రేపు మనకు అరువు ఎవురిస్తారు?" అని ఒక పెద్దావిడ నన్ను అడిగింది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పకుండా ధైర్యంగా మాట్లాడండని ఉపన్యాసం ఇవ్వడం బాధ్యత లేని పని. ఒక్కొక్కరిగా మాట్లాడమని అడగడం వల్లే ఈ భయం. మాట సంఘానిదైతే ఆ కొట్టువాడు ఒక మనిషికి అరువు ఆపగలడు గానీ, ఊరంతటికీ ఆపి తన వ్యాపారం తాను నడుపుకోలేడు.

ఇక్కడ మనం గమనించాల్సిన విషయం ఇంకొకటుంది. బోరింగు దగ్గర నలుగురు ఆడవాళ్లు ఫలానా కొట్లో తూకం తక్కువని చెప్పుకుంటే దానికి సమాజం పెట్టిన పేరు చాడీలు. ఫలానా ఆమె బాకీ తీర్చదని వ్యాపారులు ఒకరికొకరు చెప్పుకుంటే అది వ్యాపార సమాచారం. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం సూక్ష్మరుణ సంస్థలు మన అప్పుల వివరాలను, కిస్తీ తప్పిన సంగతితో సహా, రుణ సమాచార సంస్థలకు ఇవ్వాలి. అంటే మన గురించిన మంచీ చెడూ లెక్కకట్టే ఏర్పాటు దేశమంతటా ఉంది. 2010లో మన రాష్ట్రంలో సూక్ష్మరుణ సంస్థల వసూళ్ల వేధింపులు, ఆత్మహత్యలు బయటికొచ్చి, ఆ అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. అంతకు ముందే ఆ వేధింపులు ప్రతి సంఘంలోనూ ఎవరో ఒకరికి తెలుసు. ఏ సంస్థ మనుషులు ఇంటి ముందు కూర్చుని అవమానిస్తారో మనం ఒకరికొకరు చెప్పుకునే ఏర్పాటు మాత్రం లేకపోయింది.

సరఫరా చేసేవాడి పేరెత్తడం మనకు కొత్త కాదు. మన పక్కనున్న నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో ఆడవాళ్లు చేసిన పని అదే. మొగుడు తాగి కొట్టడం అప్పటిదాకా ఏ ఇంటి గొడవ ఆ ఇంటిదే. ఆ సారా ఊళ్లోకి ఎవరు తెస్తున్నారని అడిగిన తర్వాతే అది రాజకీయ ప్రశ్న అయింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. పొదుపు ఉద్యమం ఊళ్లల్లో బలపడింది కూడా ఆ పోరాటం తర్వాతే. అలాంటి సంఘాల్లోనే ఇప్పుడు దుకాణం పేరెత్తడానికి జంకుతున్నామంటే మనం ఎక్కడి నుంచి ఎక్కడికి వచ్చామో ఆలోచించుకోవాలి.

కేసు పెడతామని బెదిరిస్తే ఏం చేయాలని చాలామంది అడుగుతున్నారు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షను పరువునష్టాన్ని నేరంగానే ఉంచింది. రెండేళ్ల దాకా జైలు శిక్ష పడవచ్చు. అయితే ఆ సెక్షనులోనే మినహాయింపులున్నాయి. ప్రజల మేలు కోసం చెప్పిన నిజం నేరం కాదు. తన ప్రయోజనాన్ని గానీ, ఇతరుల ప్రయోజనాన్ని గానీ కాపాడడానికి సదుద్దేశంతో అన్న మాట నేరం కాదు. వినేవాళ్ల మేలు కోరి చేసిన హెచ్చరికా నేరం కాదు. కానీ చెప్పింది నిజమని, సదుద్దేశంతోనే చెప్పామని చూపించుకోవలసింది మనమే. అందుకే బిల్లు, ప్యాకెట్టు, దాని మీది లాట్ నంబరు ముఖ్యం.

బిల్లు దగ్గర ఆడవాళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. భూమి, పాసుపుస్తకం, బిల్లు అన్నీ భర్త పేరు మీదుంటాయి. విత్తేది, కలుపు తీసేది ఆమె. "నువ్వు కొన్నావా అడగడానికి?" అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కొన్నవారి అనుమతితో వాడేవారు కూడా వినియోగదారులే. జీవనోపాధి కోసం కుట్టుమిషను కొనుక్కుని స్వయంగా కుట్టుకునే మనిషి కూడా వినియోగదారే. విత్తనాల సంగతిలో మన ఆంధ్రప్రదేశ్ రైతుల కేసులోనే సుప్రీంకోర్టు 2012లో తీర్పు చెప్పింది. విత్తన చట్టం ఉన్నా సరే, రైతులు వినియోగదారుల ఫోరానికి వెళ్లవచ్చని అంది. కొన్న విత్తనమంతా చల్లేసే రైతు పరీక్ష కోసం కొంత దాచిపెట్టుకోవాలని ఆశించలేమని కూడా అంది. సరుకు విలువ 5 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు. నష్టం జరిగిన రెండేళ్లలోపు వేయాలి.

ఇంతవరకూ మాట్లాడే హక్కు గురించి చెప్పాను. ఆ మాట ఎవరి మీద పడుతుందన్నది కూడా చూడాలి. మనకు సరుకు అమ్మేవాళ్లంతా పెద్ద వ్యాపారులు కాదు. పచ్చళ్లు పెట్టి అమ్మే ఒంటరి ఆడమనిషి ఉంది. బడిలో వండిపెట్టే దళిత మహిళ ఉంది. ఆమె వంట "శుభ్రంగా లేదు" అని ఎవరైనా అన్నప్పుడు, ఆ మాట అన్నం గురించా, కులం గురించా? మధ్యాహ్న భోజనం వంటకు దళితులకు, ఆదివాసులకు ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, ఆ పక్షపాతం ఎంత లోతుగా ఉందో తెలుస్తుంది. పెద్ద కొట్టువాడి దగ్గర నోరు మెదపని మనం బలహీనురాలి మీద మాత్రం నోరు చేసుకుంటే, అది హక్కుల పోరాటం అనిపించుకోదు.

అలాగే మన నాలుకకు తెలియని లోపాలూ ఉంటాయి. ఈ ప్రాంతంలో తరాలుగా ఫ్లోరైడుతో బాధపడుతున్నాం. అది రుచికీ కంటికీ తెలియదు. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లు దొరకనప్పుడు కూడా 1.5 మించకూడదని ప్రమాణం. కాబట్టి ఫలానా ప్లాంటు నీళ్లు మంచివని గానీ, చెడ్డవని గానీ తాగి చెప్పలేం. పరీక్ష కాగితం చూపించమని సంఘం తరఫున అడగాలి.

మరి కట్టుబాట్లు ఎలా ఉండాలి? 2006లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పనులకు మొదలైన సామాజిక తనిఖీ మంచి దారి చూపించింది. మస్టర్లు పట్టుకుని ఇంటింటికీ తిరిగి కూలీలను అడిగారు. తర్వాత అందరి ముందూ చదివారు. ఆరోపణ వచ్చినవాళ్లకు అక్కడే జవాబు చెప్పుకునే అవకాశం ఇచ్చారు. ఆ పద్ధతినే మనం చిన్న ఎత్తున పెట్టుకోవచ్చు. ఎవరైనా సరే తనకు జరిగిందే చెప్పాలి, విన్నది కాదు. ఏ రోజు, ఏ సరుకు, ఎంతకు కొన్నారో చెప్పాలి. అమ్మినవాళ్లను ముందుగా అడగాలి. వాళ్ల జవాబును కూడా మినిట్స్ పుస్తకంలో రాయాలి. వాళ్లు సరుకు మార్చి ఇస్తే, డబ్బు తిరిగి ఇస్తే అదీ రాయాలి. ఆ కొట్టుతో బంధుత్వం గానీ, పోటీ వ్యాపారం గానీ ఉన్న సభ్యులు ఆ సంగతి ముందే చెప్పాలి. మన సభ్యురాలే అమ్మినా ఇవే నియమాలు. రాసింది సంఘం తీర్మానంగా ఉండాలి, కింద అందరి సంతకాలూ వేలిముద్రలూ ఉండాలి. ఒక సంఘంలో తేలిన విషయం గ్రామైక్య సంఘానికీ, మండల సమాఖ్యకూ వెళ్లాలి. పక్క ఊరామె అదే ప్యాకెట్టు కొనకముందే వెళ్లాలి.

ఇందువల్ల మోసాలు ఆగిపోతాయని నేను చెప్పడం లేదు. అరువు కోసం ఒకే మనిషి మీద ఆధారపడే పరిస్థితి ఉన్నంతకాలం ఈ మాటకు పరిమితులుంటాయి. సంఘాలు విత్తనాలు కలిసి కొనుక్కోవడం, బ్యాంకు అప్పు పంట అదునుకు అందడం, కౌలుకు చేసే ఆడవాళ్లకు రైతుగా గుర్తింపు రావడం - ఇవన్నీ జరిగితేనే నోరు పూర్తిగా విడుతుంది. అయితే వాటికోసం అడగాలన్నా ముందు మనకు జరిగిన నష్టం మన లెక్కల్లో ఉండాలి. వచ్చే ఖరీఫు విత్తనాలు కొనే ముందు ప్రతి సంఘమూ మినిట్స్ పుస్తకంలో ఈ సంగతుల కోసం నాలుగు పేజీలు విడిచిపెట్టాలని కోరుతున్నాను. ఈ మధ్యాహ్నం చర్చలో ఆ నియమాల మీద మీ అభ్యంతరాలు, మార్పులు చెప్పండి. వాటిని కలుపుకునే తీర్మానం రాసుకుందాం.