గేర్ రాడ్డు చెప్పిన పాఠం

 

మార్కాపురం పలకల గనికి తీసుకెళ్లి, గడ్డపారతో బండ లేపించి మన సైన్సు మాస్టారు తులాదండం పాఠం చెప్పారు. "దూరంలో మిగుల్చుకుంటే బలంలో చెల్లించాలిరా" అన్నారు. ఆ మాట అమెరికాలో నాకు ఖరీదుగా గుర్తొచ్చింది.

అక్కడ పాత మాజ్డా మియాటా కొన్నాను. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు. గేర్లు చకచకా పడాలని షార్ట్ షిఫ్టర్ తెచ్చాను. గేర్ రాడ్డూ తులాదండమే. ఆధారం పైన 24 సెంటీమీటర్లు, కింద 6 ఉంటే, కింది కొన 1 సెంటీమీటరు కదలడానికి చెయ్యి 4 కదలాలి. కింద 8 చేస్తే 3 చాలు. కానీ మూడో వంతు బలం ఎక్కువ పెట్టాలి.

నేను అన్నిటికంటే తక్కువ కదిలేదే ఎంచుకుని, బలంగా లాగాను. గేర్ల వేగాలను కలిపే ఇత్తడి సింక్రో రింగుకు క్షణం వ్యవధి కావాలి. అది ఇవ్వలేదు. రెండో గేరు కరకరలాడింది. గేర్‌బాక్సు విప్పించాక తెలిసింది, రాడ్డు వదులుకు కారణం అరిగిన బుష్ అని. కొత్త బుష్ వేసి పాత రాడ్డే బిగించాను. హాయిగా ఉంది.

గిద్దలూరు నుంచి నల్లమల ఘాట్ ఎక్కే పాత లారీల్లో అంత పొడుగు రాడ్డు ఎందుకో ఇప్పుడు అర్థమైంది.

ఒక పాత గేర్‌బాక్సును సగానికి కోయించి మన బడి ప్రయోగశాలకు ఇస్తున్నాను. పిల్లలు చేత్తో కదిపి నేర్చుకోవాలి. నాలా డబ్బు కట్టి కాదు.

సెలవు.